పిన్ని గేటు ముందు సీసాలు

సీసా కడగడం కూడా ఒకరు నేర్పాల్సిన పనేనని ఈ వీధికి కాపురానికి వచ్చేదాకా ఆమెకు తెలియదు. ముందు మూత తీసి పక్కన పెట్టాలి. తర్వాత సగానికి నీళ్లు పోసి, మూతికి అరచెయ్యి అడ్డంపెట్టి, బాగా గిలకొట్టి వంపెయ్యాలి. వాసన పోలేదనిపిస్తే మళ్లీ పొయ్యాలి. ఆ పైన బోర్లించి నీళ్లు ఓడనివ్వాలి. గాజు నీలం బుట్టలోకి, రేకు మూతలూ డబ్బాలూ పసుపు సంచిలోకి, కాగితాలు కట్టగట్టి ఒక పక్కకి. ఇంటి చెత్త అలా వేరుచేసి గేటు ముందు పెడితేనే లారీవాళ్లు ఎత్తుకెళ్తారు. ఒకదాంట్లో ఒకటి కలిసిందా, ఎర్ర చీటీ అంటించి వదిలేసి పోతారు. ఆ చీటీ వీధంతా చదువుతుంది.

నీలం బుట్టకి మూత లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. మూతలేని బుట్టని కనిపెట్టినవాడి ఇంట్లో దాచుకోవలసినవేవీ ఉండి ఉండవు.

ఆమె ఇంట్లో ఉన్నాయి. ఆమె భర్త స్కూలు బస్సు డ్రైవరు. సాయంత్రం బస్సు షెడ్డులో పెట్టి వచ్చి, స్నానం చేసి, తిని, వెనక గదిలో కూర్చుంటాడు. కేకలెయ్యడు, చెయ్యి చేసుకోడు. కొందరు పేపరు చదువుకున్నట్టు అతను తాగుతాడు, తాగి నిద్రపోతాడు. పొద్దున్నే లేచి గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటాడు. అప్పటికి కళ్లు తేటగానే ఉంటాయని ఆమె నమ్ముతుంది. ఇంటిపనుల్లో అదొకటి. స్కూలువాళ్ల చెవిన పడితే బస్సు తాళాలు ఆ పూటే తీసేసుకుంటారు. డ్రైవరు కూతురని ఫీజు లేకుండా అక్కడే చదువుకుంటున్న పాప కూడా మర్నాటి నుంచి ఇంట్లో కూర్చోవాలి. ఖాళీ సీసా మంచం కిందకి తోసేస్తాడు. ఆ తర్వాత అది ఏమవుతుందో అతను ఏనాడూ అడగలేదు.

అవి పక్కింటికి వెళ్తాయి. ఆ వారం కూడా లారీ వచ్చే ముందురోజు మధ్యాహ్నం ఆమె సీసాలన్నీ కడిగి, గలగలమనకుండా మధ్యమధ్య పాత తువ్వాలు మడతలు దూర్చి, సంచిలో పెట్టుకుని పెరటి గోడలోని చిన్న తలుపు దాటింది. పక్కింట్లో ఒక్కతే ఉండే ముసలావిడ బట్టలు కుడుతుంది. యూనిఫారాలకి జిప్పులు మారుస్తుంది, ప్యాంట్లు పొట్టి చేస్తుంది. చుట్టరికం ఏమీ లేకపోయినా ఆమెకు పిన్ని.

"ఈసారి బరువెక్కినట్టుందే," అంది పిన్ని సంచి అందుకుంటూ.

"మధ్యలో సెలవొచ్చింది కదా పిన్నీ."

"సెలవొస్తే బస్సు ఆగుతుంది గానీ మీ ఆయన ఆగడు."

ఆమెకు నవ్వొచ్చింది. ఆ సంగతి మీద నవ్వగలిగే చోటు ప్రపంచంలో అదొక్కటే. పిన్ని తన బుట్ట ముందేసుకుని సీసాలు సర్దింది. పొడుగువి వెనక, పొట్టివి ముందు, వాటి ముందు తన జామ్ సీసా, దగ్గుమందు సీసా. గ్రూపు ఫొటోకి నిలబెట్టినట్టు పెట్టి, కాస్త దూరం జరిగి చూసుకుంది. పెడుతున్నప్పుడు చేతులు వణికి గాజు గాజుకి తగిలింది. ఆ వణుకు వయసుతో వచ్చింది. గుడ్డని మిషను పాదం కింద పెట్టాక ఆగుతుంది గానీ, సూదిలో దారం ఎక్కించడం మాత్రం పిన్ని వల్ల కాదు. ఆ పని ఆమెది. వారానికి సరిపడా సూదులకి తెల్లదారం, నీలం దారం, ఖాకీ దారం ఎక్కించి, దూదిదిండుకి వరసగా గుచ్చి పెడుతుంది. ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకుని చేసుకున్న ఒప్పందం కాదు, అలా అలవాటైపోయింది.

"నిన్న మేడమీదావిడ నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ ముక్కు నా మొహం దగ్గరకి తెచ్చింది," అంది పిన్ని. "వాసన చూడ్డానికి. నా ఖర్మకొద్దీ అప్పుడే లవంగం బుగ్గన పెట్టుకున్నాను. వాసన చంపడానికే నములుతోందని ఖాయం చేసుకుని ఉంటుంది."

"మీకు నావల్ల చెడ్డపేరు పిన్నీ."

"ఈ వయసులో నా మంచిపేరు ఎవడు కొనుక్కుంటాడే. ఆ ఖాకీ దారం ఇంకోటి ఎక్కించు." బుట్ట పక్కకి జరిపి అంది, "రేపు మా మేనల్లుడు వస్తానన్నాడు. ఏదో మాట్లాడాలిట."

ఆమె చేతిలో దారం ఆగింది. "పొద్దున్నేనా?"

"లారీ వెళ్లాకలే. వాడెప్పుడు పొద్దున్నే లేచాడు గనక."

మర్నాడు లారీ ఆలస్యమైంది, మేనల్లుడు ముందొచ్చాడు.

భర్త బస్సుకి వెళ్లిపోయాడు, పాప తయారవుతోంది. ఆమె గేటు ముందు ఊడుస్తుంటే పక్కింటి ముందు కారు ఆగింది. దిగినాయన నీటుగా ఉన్నాడు, చొక్కా నలగలేదు. లోపలికి వెళ్లబోతూ నీలం బుట్ట దగ్గర ఆగాడు. వంగి, ఒక సీసాని మెడ దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని పైకి తీసి, లేబులు చదివి, మళ్లీ దాని చోట దాన్ని పెట్టేశాడు. ఫోను తీసి ఫొటో తీశాడు. జామ్ సీసా అడ్డమొచ్చినట్టుంది, దాన్ని పక్కకి జరిపి ఇంకో ఫొటో తీశాడు.

అప్పుడు లారీ వచ్చింది. దాని వెనక నిలబడే మనిషిని వీధిలో అందరూ మైకు అంటారు. అతను గొంతు తగ్గించి మాట్లాడగా విన్నవాళ్లు లేరు. బుట్ట ఎత్తి లారీలోకి వంచుతూ, "పెద్దమ్మగారు ఈ వారం గట్టిగానే లాగించినట్టున్నారే," అన్నాడు. అది ప్రతివారం అనే మాటే. మేడమీదావిడ పిట్టగోడ మీంచి నవ్వింది. మేనల్లుడు కూడా మర్యాదకి నవ్వాడు.

పిన్ని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఒక్కసారి మేనల్లుడి వైపు చూసింది, ఒక్కసారి ఈవిడ వైపు చూసింది. ఆ చూపులో అడగడం లేదు, బతిమాలడం లేదు. అక్కడే ఉందా లేదా అన్నట్టు చూసిందంతే. ఆమె తల వంచుకుని, ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది.

ఆ సాయంత్రం మేనల్లుడు వీధిలో ఇల్లిల్లూ తిరిగాడు. ఎక్కడా గట్టిగా మాట్లాడలేదు, ఎవరింట్లోనూ కుర్చీ చూపించేదాకా కూర్చోలేదు. చివరికి వీళ్లింటికి వచ్చాడు. డ్రైవరు అప్పుడే వచ్చి చొక్కా గుండీలు విప్పుకుంటున్నవాడు మళ్లీ పెట్టుకున్నాడు. ఆమె మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

"మీరు పక్కనే ఉంటారు గనక అడుగుతున్నాను, ఏమనుకోకండి," అన్నాడు మేనల్లుడు. "మా అత్తకి ఈ అలవాటు ఎన్నాళ్ల నుంచి ఉందండీ?"

డ్రైవరు పై గుండీ కూడా పెట్టుకున్నాడు. "పెద్దావిడ. మనమేం అంటామండీ. చేతులు వణకడం మాత్రం నేనూ చూశాను."

"అదే కదండీ బాధ."

"ఒంటరిగా ఉంటే ఇలాంటివి పట్టుకుంటాయి. పట్టుకుంటే వదలవు. మాన్పించడం మహా కష్టం, అందరికీ చేతకాదు."

ఆమె భర్త మొహంలోకి చూసింది. నటిస్తున్నాడేమో అనుకుంది. నటించడం లేదు. నిజంగానే జాలిపడుతున్నాడు, గొంతులో ఆ తడి నిజంది. మంచం కింద పెట్టిన సీసాలు పొద్దుటికి ఉండవు గనక అసలు లేనే లేవని ఎప్పుడో నమ్మేసినట్టున్నాడు. తెలిసి అబద్ధమాడుతున్నా ఆమెకు ఇంత భయం వేసేది కాదు.

"మీరేమంటారమ్మా?" అన్నాడు మేనల్లుడు ఆమె వైపు తిరిగి. "మీరు అటు వస్తూపోతూ ఉంటారట కదా."

లోపల పాప ఎక్కం వల్లెవేస్తోంది, ఒక దగ్గర తప్పుపోయి మళ్లీ మొదటికి వెళ్లింది.

"సూదుల్లో దారం ఎక్కించడానికి వెళ్తానండీ. అంతే."

అది అబద్ధం కాదు. నిజం చెప్పి ఇంత సిగ్గుపడటం ఆమెకు అదే మొదలు. మేనల్లుడు నీళ్లు పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, దండం పెట్టి వెళ్లాడు. "పాపం ముసలావిడ," అని డ్రైవరు వెనక గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

మర్నాడు పెరటి గోడ తలుపు తోసేసరికి పిన్ని ఇంటి వెనక తలుపు బార్లా తీసి ఉంది. పిన్ని మిషను ముందు కూర్చుంది, కుట్టడం లేదు. వెలుతురుకి సూది ఎత్తిపట్టుకుని దారం కొస తడిచేసి గుచ్చుతోంది. దారం బెజ్జానికి ఇటు, కాసేపటికి అటు. ఆమె వచ్చినా తల తిప్పలేదు.

"నావి కావన్నాను," అంది పిన్ని. "తాగేవాళ్లంతా అలాగే అంటారన్నాడు. పోనీ ఎవరివో చెప్పమన్నాడు. అది చెప్పలేదు."

ఆమె నేలమీద కూర్చుంది.

"నిన్నంతా ఆ తలుపు తీసే పెట్టాను. వాడు వీధిలో తిరుగుతున్నంతసేపూ. మీ ఇంటికి వెళ్లాడని తెలుసు, ఇప్పుడు చెప్తుంది, ఇప్పుడు వస్తుంది అనుకున్నాను." పిన్ని సూది కింద పెట్టింది. "నీ మీద కోపం లేదని అంటాననుకోకు. ఉంది."

"చెప్తే ఆయన ఉద్యోగం పోతుంది పిన్నీ. పాప చదువు పోతుంది."

"తెలుసే. తెలిసే కదా నేను నోరు మూసుకున్నది. నేను మూసుకోవడం వేరు, నువ్వు మూసుకోవడం వేరు."

ఆమె ఏడ్చింది. పిన్ని ఓదార్చలేదు, పొమ్మని కూడా అనలేదు. ఏడుపు ఆగాక మామూలు గొంతుతో, "ఏదో హోముట. ఎల్లుండి తీసుకెళ్తాడు. ముసలాళ్లని చూసుకుంటారు, అలవాట్లు కూడా మాన్పిస్తారుట. నాకు లేని అలవాటు మాన్పించడానికి నాకో డాక్టరు," అంది. ఆ మాటకి తనే చిన్నగా నవ్వింది. మిషను మీద ఎవరిదో స్కూలు ప్యాంటు సగం కుట్టి ఉంది. ఆమె కళ్లు తుడుచుకుని దూదిదిండు దగ్గరకి లాక్కుని, తెల్లదారం తీసి సూదులకి ఎక్కించడం మొదలుపెట్టింది. పిన్ని వద్దనలేదు, చూడనూ లేదు.

తీసుకెళ్లే రోజు పొద్దున ఆమె వంట మధ్యలో స్టవ్ ఆపేసింది. ఇంక ఆగలేకపోయింది. ముందురోజంతా ఆ మాట కూడబలుక్కుంటూనే ఉంది. నీళ్లు పడుతూ అనుకుంది, పాపకి జడ వేస్తూ అనుకుంది. ఉద్యోగం పోతే పోనీ, ఇంకోటి చూసుకుంటారు. పాపని ఇంకో బడిలో వేస్తారు. ముసలి ప్రాణాన్ని ఇల్లు వదిలించిన పాపం మాత్రం తనకొద్దు. ఒక్కసారి చెప్పేస్తే అన్నీ ఆగిపోతాయని ఆమె గట్టి నమ్మకం. అడ్డుపడుతున్నది తన నోరే గనక, అది తెరిస్తే చాలుననుకుంది.

మేనల్లుడు కారు వెనక పెట్టెలు సర్దుతున్నాడు.

"ఆ సీసాలు పిన్నివి కావండీ," అంది ఆమె. "మావి. మా ఆయనవి. నేనే తెచ్చి పెట్టేదాన్ని."

అతను ఉలిక్కిపడలేదు. పెట్టెని కాస్త లోపలికి జరిపి, డిక్కీ మూసి, చేతులు దులుపుకున్నాడు.

"తెలుసండీ."

ఆమెకు అర్థం కాలేదు.

"వచ్చిన రోజే తెలిసింది. ఇల్లంతా వెతికాను, ఒక్క గ్లాసు కూడా వాసన రాలేదు. లవంగాలు దొరికాయి. మీ వారి పక్కన కూర్చున్నప్పుడు మాత్రం..." అని ఆగిపోయాడు. ఆ మిగతా సగం మర్యాద కోసం మింగేశాడు.

"తెలిసీ తీసుకెళ్తున్నారా?"

"ఈ ఇల్లు మా నాన్నది. చెల్లెల్ని ఉన్నన్నాళ్లూ కదపొద్దని మా అందరి చేతా ఒట్టేయించుకుని పోయాడు. అమ్ముదామంటే మా చెల్లెళ్లు ఒప్పుకోలేదు. పెద్దదైపోయింది, చేతులు వణుకుతున్నాయి, ఒక్కతే పడిపోతే ఎవరు చూస్తారన్నా ఒప్పుకోలేదు. ఆ ఫొటో పంపాను. ఒప్పుకున్నారు." గొంతులో గొప్ప లేదు, కసి లేదు. చాలా రోజులుగా తెమలని పని తెమిలినవాడి అలసట ఉంది.

"నేను చెప్తాను వాళ్లకి."

"చెప్పండి." అతను వెంటనే ఫోను తీసి నంబరు వెతికి ఆమె ముందుకి చాపాడు. "ఇది మా చిన్న చెల్లెలి నంబరు. నొక్కితే కలుస్తుంది. ఎవరివో కూడా చెప్పాల్సి వస్తుంది మరి. మీ వారు తోలేది స్కూలు బస్సు కదూ. తను టీచరు. వింటే ఊరుకునే మనిషి కాదు."

ఫోను ఆమె ముందు అలాగే ఉంది. ఉద్యోగం పోతే పోనీ అనుకున్న మాట, పాపని ఇంకో బడిలో వేద్దామన్న మాట, అన్నీ పొద్దుటిదాకా ఎంత తేలిగ్గా ఉన్నాయి. ఇప్పుడు చెయ్యి లేవలేదు. అతను తొందరపెట్టలేదు. చాలాసేపు చూసి, తెర ఆరిపోయాక ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"నేనూ ఎక్కడా అనను లెండి," అన్నాడు నెమ్మదిగా. "ఆ నీలం బుట్ట ఇక్కడే వదిలేస్తున్నాను. మీకు పనికొస్తుంది."

పిన్ని చేతిసంచితో వచ్చింది. ఇంటికి తాళం వేసి, తాళంచెవి మేనల్లుడికి ఇచ్చింది. ఆమె తన ఇంట్లోకి పరుగెత్తి, ముందురోజు పిన్ని దగ్గర్నుంచి పట్టుకొచ్చిన దూదిదిండు తెచ్చింది. ఎన్ని రంగులుంటే అన్ని రంగుల దారాలూ ఎక్కించి, సూదులు ఖాళీ లేకుండా గుచ్చి ఉంచింది.

"ఇవి అయిపోయేలోపు నేనొస్తాను పిన్నీ."

పిన్ని దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. చేతులతో పాటు దారాలన్నీ వణికాయి. మళ్లీ ఆమె చేతిలోనే పెట్టేసింది.

"అక్కడ సూదులు ఉండనివ్వరుటే. ఎవరైనా పొడుచుకుంటారని."

కారెక్కి కూర్చున్నాక అద్దం దించి ఇంకేదో అనబోతున్నట్టు చూసింది. "మూతలు వేరుచెయ్యడం మర్చిపోకు," అంది. కారు వెళ్లిపోయింది.

మళ్లీ లారీ రోజు వచ్చింది. ఆమె ముందురోజే సీసాలు కడిగిపెట్టుకుంది. పొద్దున్నే వాటిని సంచిలో కాక, చేతుల్లో పట్టుకుని, పెరటి తలుపు వైపు కాక వీధి గుమ్మంలోంచి బయటికి వచ్చింది. తాళం వేసిన పిన్ని గేటు ముందు నీలం బుట్ట పెట్టి, అందులో ఒక్కొక్కటీ నిలబెట్టింది. ముందు అడ్డం పెట్టడానికి జామ్ సీసా లేదు. కావాలనే పెట్టలేదు. మనిషి లేని ఇంటి ముందు సీసాలుంటే కళ్లున్నవాళ్లెవరికైనా అర్థమవుతుంది గదా అనుకుంది. తన నోటితో చెప్పలేనిది వాటినే చెప్పనిద్దామనుకుంది. బుట్ట పక్కనే నిలబడింది.

మొదట డ్రైవరు వచ్చాడు, చేతిలో బస్సు తాళాలతో. బుట్ట దగ్గర ఆగాడు. తను రోజూ చేత్తో పట్టుకునే సీసాలు, అదే లేబులు, పట్టపగలు ఎండలో మెరుస్తున్నాయి. చూశాడు.

"జాగ్రత్త, గాజు, చెయ్యి కోసుకుపోతుంది," అని చెప్పి వెళ్లిపోయాడు.

తర్వాత మేడమీదావిడ పిట్టగోడ మీంచి తొంగిచూసింది. "అయ్యో రాత, వెళ్లాక కూడా ఇన్ని బయటపడ్డాయా? ఎక్కడెక్కడ దాచిందో. నువ్వు కనక ఓపిగ్గా కడిగి సర్దుతున్నావమ్మా. సొంత పిన్నికి కూడా ఎవరూ చెయ్యరు."

ఆమె తలెత్తి చూసింది. మేడమీదావిడ మొహంలో ఎగతాళి లేదు, నిజంగానే మెచ్చుకుంటోంది. ఎదురింటి తలుపులోంచి ఇంకెవరో తలూపారు. ఇల్లు ఖాళీ అయినా, తాళం పడినా, వీధికి ఆ సీసాలు పిన్నివే. అవి మాట్లాడితే పిన్ని పేరే చెప్తాయి.

లారీ వచ్చింది. మైకు దిగి బుట్ట ఎత్తాడు. "పెద్దమ్మగారు వెళ్లిపోయారటగా. ఇదే ఆఖరి పార్టీ అన్నమాట," అంటూ లారీలోకి వంచాడు.

"అవి మావి," అంది ఆమె.

సీసాలు ఒకదాని మీద ఒకటి పడి పగిలాయి. ఆ చప్పుడు వీధి చివరిదాకా వినపడింది. చప్పుడు ఆగాక మైకు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏమన్నారమ్మా?"

లారీ తోలే మనిషి ఇంజను ఆపాడు. మేడమీదావిడ పిట్టగోడ మీద ఇంకొంచెం వంగింది. పాప గుమ్మంలో పుస్తకాల సంచి భుజాన వేసుకుని, యూనిఫారంలో, స్కూలుకి బయల్దేరడానికి నిలబడి ఉంది. వీధి మొత్తం ఆమె మాట కోసం ఆగింది.

"ఏం లేదు," అంది ఆమె.

మైకు తలూపి, బుట్ట కింద పెట్టబోయి, తాళం చూసి ఆగాడు. "ఇక్కడెవరూ లేరుగా, మీరే ఉంచుకోండి," అని దాన్ని ఆమె చేతికిచ్చాడు. లారీ వెళ్లిపోయింది. పాప వెళ్లిపోయింది. ఆమె బుట్ట నడుం మీద పెట్టుకుని ఇంట్లోకి వచ్చింది. కడుగుదామని చూస్తే అడుగున ఒక మూత ఉండిపోయింది. దాన్ని తీసి పసుపు సంచిలో వేసింది.